ఇకెబానాలో అన్నీ కొలతలే అయితే మన సొంత సృజన ఎక్కడుంది?

ఇకెబానా, అంటే జపనీస్ పూల అలంకరణ క్లాసులో చేరాక కొమ్మ పొడవు ఇంత, వాలు ఇంత అని అన్నీ టీచరే చెప్తున్నారు, ఇందులో నాదంటూ ఏముంది అని మీరు అడిగారు. నేను టోక్యోలో ఉంటాను, ఇకెబానాలో ఒక శాఖ అయిన సొగెత్సు పద్ధతిలో కొన్నేళ్ళుగా నేర్చుకుంటున్నాను. మీదంటూ ఉండేది చాలా ఉందండీ, అది ఏ కొమ్మ తీసుకోవాలి, దాని ముఖం ఎటు అనే దగ్గరే మొదలైపోతుంది.

మా మొదటి పాఠం చెప్తాను, అందులో షిన్, సోయె, హికాయె అని మూడు ముఖ్యమైన కొమ్మలుంటాయి. గిన్నె వెడల్పు, ఎత్తు కలిపి దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్ల పొడవున్న కొమ్మ షిన్, అందులో ముప్పావు సోయె, సోయెలో ముప్పావు హికాయె. నిటారు గీత నుంచి షిన్ 15 డిగ్రీలు, సోయె 45, హికాయె 75 డిగ్రీలు వాలాలి. కొలతలు ఇంతవరకే. ఏ రెమ్మ ఉంచాలి, ఏది తీసేయాలి, ఆకుల మధ్య ఎంత ఖాళీ వదలాలి అన్నది ఏ పుస్తకమూ చెప్పదు.

ఒకసారి అందరికీ దోదాన్ త్సుత్సుజి అనే పొద కొమ్మలు ఇచ్చారు. వేసవిలో ఇక్కడి పూల షాపుల్లో బాగా దొరుకుతుంది, సన్నటి రెమ్మలు పొరలు పొరలుగా అడ్డంగా పరుచుకుని ఉంటాయి. నా పక్కావిడ రెమ్మలన్నీ దాదాపు తీసేసి ఒక్క గీతలా నిలబెట్టింది, నేనేమో ఆ పొరల మధ్య నుంచి వెలుతురు కనబడేంత వరకే కత్తిరించాను. కొలతలు ఇద్దరివీ ఒకటే, కానీ ఎవరిది ఏదో మా క్లాసులో ఎవరినడిగినా చెప్పేస్తారు.

మనకి ఇంకో అలవాటు కూడా అడ్డొస్తుందేమో. దండకైనా పూజకైనా జడలోకైనా పువ్వుని తొడిమ దగ్గర తుంచుతాం, కాడని పట్టించుకోం. ఇక్కడ కాడ వంపు, విచ్చని మొగ్గ, పురుగు కొట్టిన ఆకు, అన్నీ లెక్కలోకి వస్తాయి. నాకు ఆ చూపు రావడానికే చాలాకాలం పట్టింది, కోణాలు పెట్టి చేయడం వల్లే వచ్చింది కూడా, ఎందుకంటే 45 డిగ్రీలకి వంచాలంటే ఆ కొమ్మ ఎటు పెరగాలనుకుందో ముందు చూడాలి కదా.

సొగెత్సు మొదలుపెట్టిన తెషిగహారా సోఫు తండ్రి కూడా ఇకెబానా గురువే. పాత రూపాలనే తిరిగి చేయడం చాలదనిపించి 1927లో సోఫు సొంత దారి పట్టాడు, యుద్ధం తర్వాత ఇనుప తుక్కుతో, ఎండిన మోళ్ళతో కూడా చేశాడు. అంత స్వేచ్ఛ కోరిన మనిషి పెట్టిన స్కూల్లో ఈరోజుకీ కొత్తవాళ్ళు ఆ మూడు కొమ్మలతోనే మొదలుపెడతారు! అంతకుముందు 19వ శతాబ్దం చివర్లో ఒహారా ఉన్షిన్ లోతులేని గిన్నెలో చేసే మోరిబానా తెచ్చాడు, దాంతో అప్పుడప్పుడే జపాన్‌కి వస్తున్న పొట్టి కాడల విదేశీ పూలకి కూడా చోటు దొరికింది. క్యోటోలోని రొక్కాకుదో గుడిలో పుట్టిన ఇకెనోబో పద్ధతి వీటన్నిటికంటే శతాబ్దాల పాతది. రూపాన్ని మార్చినవాళ్ళంతా ముందు పాత రూపం చేతికి బాగా వచ్చినవాళ్ళే.

మీరు హైదరాబాద్‌లో ఉన్నానన్నారు కాబట్టి ఖరీదైన గులాబీలు కొనకండి. దానిమ్మ కొమ్మ, నందివర్ధనం బాగా పనికొస్తాయి, మందార మాత్రం ఒక్కరోజుకే ముడుచుకుపోతుంది. గట్టి కొమ్మని ఏటవాలుగా, మెత్తటి కాడని అడ్డంగా నేరుగా కోయండి, కోసేది నీళ్ళలో ముంచి కోస్తే పూలు ఎక్కువ నిలుస్తాయి. కెంజాన్ (గిన్నెలో కొమ్మల్ని నిలబెట్టే మేకుల దిమ్మ) మేకులకి నిటారుగా గుచ్చి ఆ తర్వాతే వంచండి. పాఠం అయ్యాక అవే కొమ్మలు ఇంటికి తెచ్చుకుని కొలతలు పక్కన పెట్టి ఇంకోలా చేసి చూడండి, రెండింటికీ ఫోటో తీసి టీచర్‌కి చూపించండి. ఫ్రీ స్టైల్ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ ఫోటోలు చూసి ఆవిడే చెప్తారు.