కారణం తెలియని ఎలర్జీ: ఇంజెక్షన్ ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 36 ఏళ్లు. ఖమ్మం దగ్గర స్కూల్లో టీచర్‌ని. పోయినేడాది దాకా నాకు ఎలర్జీ అనేదే తెలియదు. ఈమధ్య మూడుసార్లు ఉన్నట్టుండి అరచేతులు, అరికాళ్లు దురద మొదలై, కాసేపట్లోనే ఒళ్లంతా దద్దుర్లు వచ్చి, పెదాలు వాచి, గొంతు పట్టేసినట్టయింది. చివరిసారి చుట్టాల పెళ్లిలో కళ్లు తిరిగి పడిపోయాను. హైదరాబాద్‌లో రక్తపరీక్షలు, చర్మం మీద చేసే పరీక్షలు అన్నీ చేశారు, ఏమీ తేలలేదు. మా అత్తగారు వంకాయ, గోంగూర, రొయ్యలు, పల్లీలు ఒక్కొక్కటే మాన్పించారు, ఇప్పుడు పెరుగన్నం తప్ప ఏది తినాలన్నా భయమే. డాక్టరేమో ఎడ్రినలిన్ ఆంపుల్స్ (మందు నింపి మూసేసిన చిన్న గాజు సీసాలు), సిరంజిలు రాసిచ్చి ఎప్పుడూ వెంట ఉంచుకోమన్నారు. మావారు మాత్రం "అది గుండె ఆగినవాళ్లకి ఇచ్చే మందు, నువ్వు ముట్టుకోకు, సిట్రిజన్ వేసుకో, ఆస్పత్రికి పోదాం" అంటున్నారు. నాకూ సూదంటే వణుకు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారి భయం సంగతి చూద్దాం, మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు. గుండె ఆగినప్పుడు ఎడ్రినలిన్ ఇచ్చే మాట నిజమే, కానీ అక్కడ నరంలోకి ఎక్కిస్తారు. మీరు వేసుకోవాల్సింది తొడ కండలోకి, అదీ చిన్న మోతాదు. వేసుకున్నాక గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, తలనొప్పి రావచ్చు, కాసేపటికి అవే తగ్గిపోతాయి. మీకు వచ్చినది మామూలు దద్దుర్ల ఎలర్జీ కాదు, అనఫిలాక్సిస్. అందులో రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది, గొంతు లోపల వాపు వస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. ఈ మూడింటినీ ఒకేసారి వెనక్కి తిప్పగలిగేది ఎడ్రినలిన్ ఒక్కటే. సిట్రిజన్ దురదనీ దద్దుర్లనీ తగ్గిస్తుంది, అంతే. పడిపోయిన బీపీని అది లేపలేదు, మూసుకుపోతున్న గొంతుని తెరవలేదు. అవిల్ ఇంజెక్షనైనా, స్టెరాయిడ్ ఇంజెక్షనైనా ఎడ్రినలిన్ తర్వాత వచ్చేవే, దాని బదులు కాదు. మాత్ర వేసుకుని పనిచేస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చునే ఆ అరగంటే ప్రాణాల మీదికి తెస్తుంది, దయచేసి మీవారి చేత ఇది చదివించండి.

ఎప్పుడు వేసుకోవాలి? ఒట్టి దద్దుర్లే ఉండి మిగతా అంతా బాగుంటే మాత్ర వేసుకుని, ఒంటరిగా ఉండకుండా కనిపెట్టుకుని ఉండొచ్చు. దద్దుర్లతో పాటు గొంతు పట్టేయడం, మాట బొంగురుపోవడం, ఆగని దగ్గు, ఆయాసం, పిల్లికూతలు, కళ్లు తిరగడం, మళ్లీ మళ్లీ వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, వీటిలో ఏ ఒక్కటి తోడైనా ఇక ఆలోచించొద్దు. మీకు ఇంతకుముందు వచ్చినవి ఇలాంటివే కాబట్టి దద్దుర్లు రాకుండా నేరుగా కళ్లు తిరిగినా, ఊపిరాడకపోయినా వేసుకోవాల్సిందే. ఇంజెక్షన్ ముందు, 108కి ఫోన్ ఆ తర్వాత.

ఇప్పుడు సూది సంగతి. ఆంపుల్లో 1 మిల్లీలీటరు మందు ఉంటుంది, మీరు వేసుకోవాల్సింది అంతా కాదు. పెద్దవాళ్లకి సాధారణంగా 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్లు, మీకెంతో మీ డాక్టర్ చేత చీటీ మీద పెద్ద అక్షరాలతో రాయించి డబ్బా మూతకి అతికించండి. షుగర్ పేషెంట్లు వాడే ఇన్సులిన్ సిరంజి వాడొద్దు. దాని సూది పొట్టిది, మందు చర్మం కిందే ఉండిపోతుంది, పైగా దాని మీద గీతలు యూనిట్లలో ఉంటాయి కాబట్టి కంగారులో లెక్క తప్పుతుంది. 1 మిల్లీలీటర్ సిరంజికి అంగుళం పొడవున్న సూది కావాలి, మందుల షాపులో ఇలాగే అడగండి. ఆంపుల్ మెడని వణికే చేతులతో విరవడం మొదటిసారి ఎవరికైనా కష్టమే. అందుకని డిస్టిల్డ్ వాటర్ ఆంపుల్స్ కొన్ని కొని, గుడ్డ పట్టుకుని మెడ విరవడం, గీత దాకా లాగడం, గాలి బుడగ తీయడం మీరూ మీవారూ ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చేయండి, గుచ్చడం మాత్రం నర్సు దగ్గర ఒకసారి నేర్చుకోండి. తొడ మధ్యలో, బయటి వైపు, చీర పక్కకి జరిపి నిటారుగా గుచ్చాలి. 5 నుంచి 15 నిమిషాల్లో తేలిక పడకపోతే రెండోది వేసుకోవాలి కాబట్టి ఎప్పుడూ రెండు ఆంపుల్స్, రెండు సిరంజిలు ఉండాలి. స్కూల్లో పక్క క్లాసు టీచర్‌కి కూడా నేర్పించి పెట్టండి, కళ్లు తిరిగినప్పుడు మీ చేతులు మీ మాట వినవు.

మన దగ్గర ఎవరైనా పడిపోగానే లేపి కూర్చోబెట్టి నీళ్లు తాగించి, రెండు పక్కలా పట్టుకుని నడిపించి ఆటో ఎక్కిస్తారు. అనఫిలాక్సిస్‌లో ఇది చాలా ప్రమాదం, బీపీ పడిపోయిన మనిషిని ఒక్కసారిగా నిలబెడితే గుండెకి రక్తం చేరదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి, వాంతులవుతుంటే పక్కకి తిప్పాలి, ఆయాసంగా ఉంటే కాళ్లు చాపి కూర్చోనివ్వాలి. ఇంజెక్షన్‌తో తేలికపడినా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. కొందరికి కొన్ని గంటల తర్వాత ఏ కారణం లేకుండా మళ్లీ తిరగబెడుతుంది. అక్కడ, వచ్చింది అనఫిలాక్సిసేనా అని తేల్చడానికి సాయపడే ట్రిప్టేజ్ అనే రక్తపరీక్షకి శాంపిల్ తీయమని అడగండి. లక్షణాలు మొదలైన ఒకటి రెండు గంటల్లో తీస్తే మంచిది, నాలుగు గంటలు దాటనివ్వొద్దు. అన్నీ తగ్గి కనీసం ఒక రోజు గడిచాక ఇంకోసారి తీసి రెండూ పోల్చి చూస్తారు. చిన్న ఊళ్లలో శాంపిల్ సిటీకి పంపాల్సి రావచ్చు, అయినా పట్టుబట్టండి.

కారణం తేలలేదని అంటున్నారు కదా, పూర్తిగా వెతికారా లేదా అన్నది ఒకసారి చూడాలి. చర్మ పరీక్షకి ముందు వారం రోజులు సిట్రిజన్ లాంటివి ఆపారా? ఆపకపోతే ఆ ఫలితాన్ని నమ్మలేం. ఎలర్జీ వచ్చిన కొద్ది రోజులకే చేసినా తప్పుగా ఏమీ లేదని రావచ్చు. ఇంకో సంగతి, కొందరికి గోధుమలు తిని ఊరికే కూర్చుంటే ఏమీ కాదు, పూరీయో చపాతీయో తిన్నాక వేగంగా నడిచినా, పరుగెత్తినా, నొప్పి మాత్ర వేసుకున్నా మాత్రం వచ్చేస్తుంది. పెళ్లిలో హడావిడిగా తిరిగారా? తలనొప్పికో నెలసరి నొప్పికో మాత్ర వేసుకున్నారా? చాలా రోజులు నిలవ ఉన్న మైదాలో, రవ్వలో కంటికి కనిపించని పురుగులు పెరుగుతాయి, వాటి వల్ల కూడా వస్తుంది, వండినా ఆ ఎలర్జీ పోదు. అందుకే ప్రతిసారీ దానికి ముందు ఆరు గంటల్లో తిన్నవి, మింగిన మాత్రలు, నడక, ఎండ, నెలసరి రోజు, పురుగు కుట్టడం అన్నీ ఫోన్‌లో రాసుకోండి. అన్నీ చూశాక కూడా ఏమీ తేలకపోతే దాన్ని కారణం తెలియని అనఫిలాక్సిస్ అంటాం. అది మీ మనసులో పుట్టింది కాదు, టెన్షన్ వల్లనని ఎవరైనా తీసిపారేస్తే ఊరుకోవద్దు. చాలామందికి ఏళ్లు గడిచేకొద్దీ రావడం తగ్గుతుంది, తరచూ వస్తుంటే రాకుండా చూసే మందులూ ఉన్నాయి.

పెరుగన్నం ఒక్కటే తినడం ఆపండి. మూడుసార్లూ ముందు తిన్న వాటిలో ఉమ్మడిగా లేని పదార్థాన్ని మానేసి ప్రయోజనం లేదు, మీ ఒంట్లో బలం తగ్గుతుంది, అంతే. అత్తగారిది ప్రేమే, ఆమెని ఈసారి డాక్టర్ దగ్గరికి వెంట తీసుకెళ్లండి.

ఖమ్మం ఎండలకి మందు పాడవుతుంది. స్కూటీ డిక్కీలో పెట్టొద్దు, ఫ్రీజర్‌లోనూ పెట్టొద్దు. వెలుతురు తగలని డబ్బాలో, చల్లని గదిలో, బయటికెళ్లేటప్పుడు మీ హ్యాండ్‌బ్యాగులో. నెలకోసారి తీసి చూడండి, నీళ్లలా ఉండాలి, గులాబీ రంగో గోధుమ రంగో తిరిగితే పారేసి కొత్తవి తెచ్చుకోండి, ఖరీదు ఎక్కువేం కాదు. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటివి వాడుతుంటే ఎడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు, సొంతంగా ఆపకుండా డాక్టర్‌తో చెప్పండి.

ప్రశ్న: మా మనవడికి ఏడేళ్లు, 22 కిలోలు, పల్లీలు పడవు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి వాణ్ని సెలవులకి విజయవాడ తీసుకొచ్చింది, వెంట తెచ్చిన, ఎడ్రినలిన్ ముందే నింపి ఉన్న పెన్ను లాంటి ఇంజెక్షన్ ఎపిపెన్‌కి పోయిన నెలతో గడువు దాటింది. పారేయమంటారా?

జవాబు: పారేయకండి, కొత్తది చేతికి వచ్చేదాకా ఉంచండి. ఈలోగా పిల్లల డాక్టర్‌తో ఆంపుల్, సిరంజి, వాడి బరువుకి తగ్గ మోతాదు రాయించుకోండి. అవసరం పడినప్పుడు వేరే ఏదీ అందుబాటులో లేకపోతే, పెన్ను కిటికీలోంచి మందు తేటగా కనిపిస్తుంటే గడువు దాటినదైనా వాడాల్సిందే, ఏమీ వేయకపోవడం కంటే అది మేలు. 22 కిలోల పిల్లాడికి సాధారణంగా 0.15 మిల్లీగ్రాములది వాడతారు, పెన్ను మీద ఏముందో చూడండి. నీలం మూత తీసి, నారింజ రంగు కొన తొడకి ఆనించి గట్టిగా నొక్కి మూడు సెకన్లు పట్టుకోవాలి. సూది వచ్చేది నారింజ వైపు నుంచి, కంగారులో అటువైపు బొటనవేలు పెట్టి తమకే గుచ్చుకున్నవాళ్లు ఉన్నారు. పిల్లాడు కాలు విదిలిస్తే తొడ చీరుకుపోతుంది, ముందే ఒకరు కాలు కదలకుండా పట్టుకోండి.