పాఠకుల ప్రశ్నలు: సెన్సర్ ఒకటి చెప్తే, వేలు ఒకటి చెప్తే

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు, 26 కిలోలు ఉంటాడు. టైప్ 1 షుగర్. దండచెయ్యి వెనక, షుగర్ అంకెను ఫోన్‌కు పంపే సెన్సర్ పెట్టించాం. మొన్న రాత్రి రెండింటికి ఫోన్ మోగింది, చూస్తే 58. కంగారుపడి గ్లాసుడు చక్కెర నీళ్లు తాగించాం. తర్వాత వేలికి గుచ్చి చూస్తే 190! సెన్సర్ చెడిపోయిందా?
– ఒక తల్లి, ప్రొద్దుటూరు

జవాబు: చెడిపోయి ఉండకపోవచ్చు. బాబు ఆ చెయ్యి కిందేసుకుని పడుకున్నాడేమో గుర్తు తెచ్చుకోండి. సెన్సర్ కొలిచేది రక్తంలో చక్కెర కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెర. ఒంటి బరువు దాని మీద పడితే ఆ చోట రక్తప్రసారం తగ్గి, అంకె ఉత్తపుణ్యానికి కిందికి పోతుంది. ఆ రాత్రి గ్రాఫ్ తీసి చూడండి. నిజంగా లో అయినప్పుడు, అంటే షుగర్ మరీ తగ్గినప్పుడు, గీత సాధారణంగా కొంతసేపు జారుతూ దిగుతుంది. ఒత్తిడి వల్లయితే నూతిలో చేద వదిలినట్టు ఒక్కసారిగా పడి, పక్కకు తిరగ్గానే అంతే వేగంగా పైకొస్తుంది.

ఈసారి మోగితే ముందు బాబును పక్కకు తిప్పి, వేలు తుడిచి గుచ్చండి. మీటర్లోనూ 70 లోపుంటే చక్కెర ఇవ్వండి. చెమటలు, వణుకు కనిపిస్తున్నా, స్ట్రిప్పులు అయిపోయినా పరీక్ష కోసం ఆగకుండా ఇచ్చేయండి. నిజమైన లోను వదిలేయడంతో పోలిస్తే అనవసరంగా చక్కెర తాగించడం చిన్న తప్పే.

కొలత మాత్రం గ్లాసు కాదు. పిల్లలకు కిలోకు 0.3 గ్రాముల లెక్కన మీ బాబుకు 8 గ్రాములు, అంటే సుమారు రెండు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపితే చాలు. లడ్డు, పాలకోవా వద్దు. నెయ్యి, మీగడ కడుపులో పనిని నెమ్మది చేస్తాయి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. గ్లూకగాన్ (షుగర్ పెంచే మందు) ఉంటే ఇచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

చక్కెర ఇచ్చిన 15 నిమిషాలకు మళ్లీ చూడాల్సింది వేలికి గుచ్చే. సెన్సర్ అంకె రక్తం కంటే 5–10 నిమిషాలు వెనక నడుస్తుంది. రక్తంలో 95కు చేరినా ఫోన్లో ఇంకా 60 కనపడుతుంది. అది చూసి ఇంకో గ్లాసు కలుపుతారు, తెల్లారేసరికి 300. చాలా ఇళ్లలో జరిగే పొరపాటు ఇదే.

ప్రశ్న: ఉగ్గాని బజ్జీ తినడానికి కూర్చున్నప్పుడే ఇన్సులిన్ వేసుకున్నాను. గంటకు సెన్సర్లో 260, అంకె పక్కన బాణం నిలువుగా పైకి. ఇంకో డోసు వేసుకుంటే మధ్యాహ్నానికి 52కు పడిపోయింది. ఎక్కడ తప్పాను?
– డిగ్రీ విద్యార్థి, అనంతపురం

జవాబు: రెండు చోట్ల. ఉగ్గానిలో వేసే బొరుగులు తేలిగ్గా కనిపిస్తాయి గానీ బరువులో దాదాపు ముప్పాతిక భాగం పిండిపదార్థమే, అదీ త్వరగా రక్తంలో కలిసేది. 60 గ్రాముల బొరుగులంటే సుమారు 45 గ్రాములు. నానబెట్టకముందే తూచండి, నీళ్లు పట్టాక ఆ బరువు లెక్కకు పనికిరాదు. పుట్నాల పొడి, బజ్జీ మీద శనగపిండి అదనం. మీది ఆస్పార్ట్, లిస్ప్రో లాంటి త్వరగా పనిచేసే ఇన్సులిన్ అయితే తినడానికి 15–20 నిమిషాల ముందు వేసుకోవాలి. షుగర్ అప్పటికే తక్కువగా ఉన్నా, బాణం కిందికి చూస్తున్నా అలా ఆగకండి.

రెండో తప్పు బాణాన్ని చూసి బెదరడం. ఎక్కువమంది వాడే సెన్సర్లలో నిలువు బాణమంటే నిమిషానికి 2 మి.గ్రా. కంటే వేగంగా పెరుగుతోందని. కానీ మొదటి డోసు అప్పుడే ఊపందుకుంటోంది. అది నాలుగు గంటల దాకా పనిచేస్తుంది. దాని మీద ఇంకోటి వేస్తే రెండూ కలిసి పదకొండు, పన్నెండు గంటల వేళకు షుగర్‌ను కిందికి లాగేస్తాయి. సరిచేసే డోసు ఎంత, ఎన్ని గంటలకు అన్నది మీ డాక్టరు దగ్గర రాయించుకోండి. 250 దాటి గంటల తరబడి దిగకపోయినా, వాంతులైనా కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు ఒంట్లో పేరుకునే ఆమ్లాలు) చూసుకోవాలి.

ప్రశ్న: ఎండాకాలం చెమటకు సెన్సర్ ఆరు రోజులకే ఊడిపోతోంది.
– కర్నూలు

జవాబు: స్నానం చేసి గంట ఆగి పెట్టుకోండి. ఆ రోజు చేతికి కొబ్బరినూనె, పౌడరు వద్దు. స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద అంటిస్తే నిలవదు. పైన టేపు వేస్తే మధ్యలో ఉన్న చిన్న రంధ్రం మూయకండి. ఇంకో మాట: కొన్ని సెన్సర్లు రోజుకు 500 మి.గ్రా. మించి విటమిన్ సి మాత్రలు వాడితే లేని షుగర్ చూపిస్తాయి.

ప్రశ్న: నెలనెలా రెండు సెన్సర్లు కొనే స్తోమత లేదు. అప్పుడప్పుడు పెట్టుకుంటే ఉపయోగం ఉంటుందా?
– ఆదోని

జవాబు: ఉంటుంది. డాక్టరును కలిసే ముందు 14 రోజుల సెన్సర్ ఒకటి పెట్టుకుని, తిన్నదీ వేసుకున్న యూనిట్లూ నోట్‌బుక్కులో టైముతో సహా రాయండి. రిపోర్టులో 70–180 మధ్య గడిపిన సమయం 70 శాతం దాటాలి, అంటే రోజులో దాదాపు 17 గంటలు. 70 లోపు 4 శాతానికి మించకూడదు, సుమారు గంట. సెన్సర్ లేని రోజుల్లో మూడు పూటలా తినేముందు, పడుకునేముందు వేలికి గుచ్చి చూసుకోండి. వారంలో ఒకరోజు తెల్లవారుజామున మూడింటికి అలారం పెట్టుకుని లేచి చూసుకోండి.