సైకిల్ అమ్మకండి, చిన్న రైళ్లలో తెచ్చుకోండి

ఫ్రాన్స్‌లో లువార్ నది వెంట తొక్కుకుంటూ నాంత్ చేరాక స్ట్రాస్‌బూర్గ్‌లోని ఇంటికి రైల్లో ఎలా రావాలి, టీజీవీలో, అంటే హైస్పీడ్ రైల్లో, సైకిళ్ల చోటు అయిపోయింది, అక్కడే అమ్మేసి రావడం మేలా అని అడిగారు. దయచేసి అమ్మకండి. నేనుండేదీ స్ట్రాస్‌బూర్గే. మూడేళ్ల క్రితం ఆగస్టులో సరిగ్గా మీలాగే నాంత్ స్టేషన్‌లో నిలబడ్డాను. రెండు రోజులు పట్టింది, కానీ సైకిల్‌తోనే ఇల్లు చేరాను.

మన దగ్గర సైకిల్‌ను రైల్లో పంపాలంటే పార్సిల్ ఆఫీసుకు తీసుకెళ్లి, గోనెపట్టా చుట్టించి, రసీదు రాయించుకుని వచ్చేస్తాం. నాంత్‌లో అలాంటి ఆఫీసు కోసం వెతకకండి. ఇక్కడ సైకిల్ మనతోపాటే రైలు పెట్టెలోకి వస్తుంది. ఎక్కించేదీ మనమే, దించేదీ మనమే. అందుకే పెట్టెలో దానికి చోటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

టీజీవీలో విప్పని సైకిల్‌కు ముందే చోటు రిజర్వ్ చేసుకోవాలి, నేను చూసినప్పుడు 10 యూరోలు. ఆ చోటు అన్ని టీజీవీల్లోనూ ఉండదు, ఉన్నవాటిలోనూ వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కొత్త రైళ్లలో కనీసం 4 సైకిళ్లకు చోటుండాలని 2021లో యూరోపియన్ యూనియన్ నియమం చేసింది. మంచిదే, కానీ వేసవిలో లువార్ ఒడ్డున కనిపించే సైకిళ్లను చూస్తే నాలుగు ఏ మూలకు? ఒక్క కుటుంబం ఎక్కితే నిండిపోతాయి. చక్రాలు విప్పి సంచిలో పెడితే లగేజీ కిందకే వస్తుంది, అదొక దారి. అయితే మడ్‌గార్డులు, క్యారియర్ ఉన్న సైకిల్‌ను వాళ్ల కొలతల్లోకి తేవడం ప్లాట్‌ఫారం మీద అయ్యే పని కాదు. పారిస్ మీదుగా వస్తే మోంపార్నాస్ స్టేషన్‌లో దిగి గార్ ద లెస్ట్ స్టేషన్‌లో ఎక్కాలి. రెండింటినీ కలిపే 4వ నంబరు మెట్రోలో సైకిల్ ఎక్కనివ్వరు, ఊరి మధ్యనుంచి తొక్కాల్సిందే.

నేను పారిస్ జోలికి పోకుండా టీఈఆర్‌లు, అంటే ప్రాంతీయ రైళ్లు పట్టుకుంటూ వచ్చాను. నాంత్ నుంచి తూర్ పక్కనున్న సేన్-పియేర్-దే-కోర్, అక్కడి నుంచి బూర్జ్ మీదుగా నెవేర్. రాత్రి నెవేర్‌లో పడుకున్నాను. మర్నాడు దిజోన్, బెజాంసోన్ మీదుగా బెల్ఫోర్, ములూజ్, చివరికి స్ట్రాస్‌బూర్గ్. మ్యాప్ తీసి చూడండి, ములూజ్ వరకు ఇది దాదాపు యూరోవెలో 6 సైకిల్ దారే. వీటిలో సైకిల్‌కు నేనేమీ కట్టలేదు. అయితే వేసవిలో కొన్ని ప్రాంతాలు కొన్ని లైన్లకు సైకిల్ రిజర్వేషన్ పెడుతున్నాయి, కాబట్టి ఒక్కో ముక్కకు విడిగా చూసుకోండి. నాంత్–ఓర్లేయాన్ లైన్‌లో వేసవి రద్దీ కోసం సైకిళ్లకే కేటాయించిన పెట్టె ఉన్న రైళ్లు నడుస్తాయి, దొరికితే అదే ఎక్కండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోటు చెబుతాను. టైం‌టేబుల్‌లో 'కార్' అని కనిపిస్తే అది మన కారు కాదు, బస్సు. నెవేర్ నుంచి దిజోన్ వెళ్లే దారిలో ఆ రోజు ట్రాక్ పనులు జరుగుతున్నాయి. మోంషానన్‌లో దించేసి, షాన్యీ వరకు బస్సు అన్నారు. నేను ఆ చిన్న గుర్తు గమనించలేదు. డ్రైవర్ సైకిల్ చూసి తల అడ్డంగా ఊపాడు, బతిమాలినా వినలేదు. బస్సు వెళ్లిపోయాక ఖాళీ స్టేషన్‌లో ఒక్కదాన్నే నిలబడితే నిజంగా ఏడుపొచ్చింది.

కాసేపటికి మ్యాప్ తెరిస్తే పక్కనే సాంత్ర్ కాలువ కనిపించింది. మోంషానన్ దగ్గరే నీళ్లు రెండుగా చీలతాయి, ఒక పక్క లువార్‌కు, ఇంకో పక్క సోన్ నదికి. కాబట్టి షాన్యీ వైపు కాలువ లాకు తర్వాత లాకుగా దిగుతూ పోతుంది, దారి కూడా దానితోపాటే దిగుతుంది. 30 కిలోమీటర్లకు అటూ ఇటూ. చివర్లో సాంత్‌నే ఊరి ద్రాక్షతోటలు. మొత్తం ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నమే. షాన్యీలో తర్వాతి రైలుకు నా పాత టికెట్టే చెల్లింది. కానీ మధ్యలో వానో, కొండో ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు. అందుకే ప్రయాణానికి ముందు రోజు రాత్రి ప్రతి ముక్కా రైలేనా అని మళ్లీ చూడండి, సమ్మె వార్తలు కూడా.

రైలు మారే చోట కనీసం 40 నిమిషాలు వదలండి. కొన్ని స్టేషన్లలో లిఫ్ట్ ఉండదు, ఉన్నా సైకిల్ పట్టదు. సామానుతో నా సైకిల్ 30 కిలోలకు దగ్గర, మెట్ల మీద రెండు ట్రిప్పులు వేయాల్సి వచ్చేది. రైలు వచ్చేలోపే బ్యాగులు విప్పి ఒక తాడుతో కలిపి కట్టుకోండి. తలుపు మీద సైకిల్ బొమ్మ ఉన్న పెట్టె వైపు నడవండి. కొన్ని రైళ్లలో ముందు చక్రాన్ని కొక్కేనికి తగిలించి సైకిల్‌ను నిలువుగా వేలాడదీయాలి, బ్యాగులు ఉంటే అది లేవదు. మీకన్నా ముందు దిగేవాళ్ల సైకిల్‌కు మీది అడ్డం పడకుండా ఎక్కడ దిగుతారో అడిగి పెట్టండి. ఎవరూ విసుక్కోరు, పైగా ఓ చెయ్యి వేస్తారు.

మీరిద్దరూ వస్తున్నారు కాబట్టి సగం కష్టం తగ్గినట్టే, ఒకరు సామాను, ఒకరు సైకిళ్లు. ఏ రోజు బయల్దేరుతున్నారో చెప్పండి. ఆదివారమైతే రైళ్లు బాగా తగ్గిపోతాయి, నెవేర్–దిజోన్ ముక్క నేను కూడా చూసి పెడతాను.