సారె క్లాసులో చేరబోయే అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. కుమ్మరి సారె నేర్చుకోవడానికి స్టూడియోలో చేరుతున్నానని రాశావు. డబ్బు కట్టేముందు మూడు సంగతులు అడుగు: మనిషికో సారె ఇస్తారా, ఫీజులో మట్టి, గ్లేజు (కాలిస్తే గాజులా మెరిసే పూత), కాల్చే ఖర్చు కలిసే ఉన్నాయా, క్లాసు లేని వేళల్లో వచ్చి సాధన చేసుకోనిస్తారా. మూడోదానికి కాదంటే ఇంకో చోటు చూసుకో. వారానికొక క్లాసుతో చేతికి పని పట్టుబడదు.

గోళ్లు పొట్టిగా తీసుకో. ఉంగరాలు, వాచీ ఇంట్లోనే వదిలెయ్.

మొదట్లో ముద్ద 500 నుంచి 700 గ్రాములుంటే చాలు. అంతకంటే పెద్దదైతే నీ బలం చాలదు, మరీ చిన్నదైతే వేళ్లకు పట్టు దొరకదు. పిసికాక తీగతో మధ్యకు కోసి చూడు. బుడగలో, గట్టి ఉండలో కనిపిస్తే మళ్లీ పిసుకు. లోపల ఒక్క గట్టి ఉండ ఉన్నా ముద్ద సారె మీద కుదురుగా తిరగదు, నువ్వేమో తప్పు నీ చేతులదనుకుంటావు. సారె పళ్లెం తడిగా ఉంటే ముద్ద జారుతుంది, తుడిచాకే దాని నడుమ గట్టిగా కొట్టి అంటించు.

ఇక సెంటరింగ్, అంటే ముద్దను ఊగకుండా సారె నడుమ కుదర్చడం. అసలు చదువంతా ఇక్కడే ఉంది, తొందరపడకు. మోచేతులు తొడలకు గట్టిగా ఆనించు. సారె గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతుంటే ఎడమ అరచేతి మడమతో పక్కనుంచి తొయ్యి, కుడిచేత్తో పైనుంచి అణచు. వేగం బాగా ఉండాలి. ముద్దను శంకువులా పైకి లేపి మళ్లీ కిందికి అణచడం రెండు మూడుసార్లు చెయ్యి. అందరూ చేసే పొరపాటు, ముద్ద ఊగుతుంటే దానితోపాటు చేతినీ ఊగనివ్వడం. చెయ్యి కదలకుండా ఉంటే మట్టే దారికొస్తుంది. చేతులు ఎప్పుడూ మెల్లగా తియ్యి. చటుక్కున తీస్తే కుదిరిన ముద్ద కూడా వంకరపోతుంది. కళ్లు మూసుకుని వేలు ఆనించి చూడు, వేలు అదరకపోతే కుదిరినట్టే.

నడుమ గుంట చేసేటప్పుడు అడుగు మందం సూది గుచ్చి చూసుకో. 6 నుంచి 8 మిల్లీమీటర్లు వదులు, తర్వాత అడుగు చెక్కి, గిన్నె నిలబడే రింగు తీయాలనుకుంటే సెంటీమీటరు. ఆ అడుగును నడిమి నుంచి అంచుకు, అంచు నుంచి నడుమకు వేళ్లతో ఒత్తు. ఒత్తకపోయినా, లోపల నీళ్లు నిలవనిచ్చినా ఆరేటప్పుడు అడుగున వంకీ తిరిగిన పగులు వస్తుంది.

గోడ లేపేటప్పుడు వేగం సగానికి తగ్గించు. లోపలి వేలు, బయటి వేలు ఎదురెదురుగా ఉంచి, సారె ఒక చుట్టు తిరిగేలోపు వేలి వెడల్పు కంటే ఎక్కువ పైకి పోనీయకు. వేగంగా లాగితే గోడ మెలికపడి చిరుగుతుంది. మూడు నాలుగు లాగుళ్లలో పని అయిపోవాలి. నీళ్లు ఎక్కువ పోసి, చాలాసేపు తడిమితే మట్టి మెత్తబడి కూలుతుంది, దాన్ని బతికించాలని చూడకు.

నా మాట వింటే మొదటి నెల గిన్నెలేవీ దాచుకోకు. తీగతో నిలువునా కోసి గోడ మందం చూడు. దాదాపు ప్రతివాళ్లకూ మట్టంతా కింద మిగిలిపోయి పైన పలచగా ఉంటుంది. ఆ కోత ఏ గురువు చెప్పినదానికన్నా బాగా చెబుతుంది.

దాచుకునేదాన్ని ప్లాస్టిక్ కవరు వదులుగా కప్పి మెల్లగా ఆరనివ్వు. గోరుతో నొక్కితే గుర్తు పడుతూ, వేలికి అంటుకోని గట్టిదనం వచ్చాక అడుగు చెక్కు. బట్టీలో పగిలిపోతే చాలామంది గాలి బుడగను తిడతారు. అసలు కారణం మందపు గోడలో మిగిలిన తడి ఆవిరిగా మారడం. ఎండి కాలేసరికి చాలా రకాల మట్టి పదో వంతుకు పైగా కుంచించుకుపోతుంది కనుక కప్పు కావలసిన దానికంటే పెద్దదిగా చెయ్యి. గ్లేజు అడుగుకు అంటనీయకు, కరిగి బట్టీ పలకకు అతుక్కుంటుంది.

పని అయ్యాక పొడి చీపురు ముట్టుకోకు. మట్టి దుమ్ములోని సిలికా ఊపిరితిత్తులకు చేటు, తడిబట్టతోనే తుడు. మట్టినీళ్లు సింకులో పారబోస్తే గొట్టం పూడుకుపోతుంది, బకెట్లో తేరనిచ్చి పైనీళ్లు మాత్రం వంపు.

ఇట్లు,
మీ పెద్దమ్మ