మా అమ్మాయి నా చేయి దాటిపోతోందా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. రెండేళ్ల క్రితం గైడ్స్‌లో (స్కౌట్స్ లాగా ఆడపిల్లలకు ఉండే దళం) చేరింది. అంతకుముందు ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటున నిలబడే పిల్ల. ఇప్పుడు ప్రతిదానికీ ‘ఎందుకు?’ అంటుంది. మేం ఏదైనా నిర్ణయిస్తే ‘నన్ను అడగలేదే’ అని నిలదీస్తుంది. వాళ్ల నాన్నకు ఇదంతా పొగరుగా కనిపిస్తోంది. ఆడపిల్లకు గుడారాలు, తాళ్లు, కొండలెక్కడాలు దేనికని మా అత్తగారు. ఈమధ్య బడిలో ప్రాణస్నేహితురాలితో మాటలు పోయాయట. ఆ సంగతి నాకు చెప్పలేదు, అక్కడ పిల్లలను చూసుకునే పెద్దావిడ, గైడ్ కెప్టెన్‌కు చెప్పుకుంది. నా మనసు చివుక్కుమంది. ఈసారి మార్కులు కూడా కొంచెం తగ్గాయి. వచ్చే నెల ఐదు రోజుల శిబిరం ఉంది. పంపొద్దు, అసలు ఈ గైడ్సే మాన్పించేద్దాం అంటున్నారు మావారు. నాకూ లోలోపల అదే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: మాన్పించకండి అమ్మా. ఈ మాట ముందే చెప్పేసి, ఆ తర్వాత మీ భయాల దగ్గరకు వస్తాను. వాటిలో కొన్ని న్యాయమైనవే.

‘నన్ను అడగలేదే’ అన్న మాటలో మీవారికి పొగరు వినిపించింది. తనకూ ఒక అభిప్రాయం ఉందని, దాన్ని నలుగురిలో చెప్పవచ్చని కొత్తగా తెలుసుకున్న పిల్ల గొంతు నాకు వినిపించింది. ఆ అలవాటు ఎక్కడ అబ్బిందో చూడండి. గైడ్స్‌లో పిల్లలందరినీ ఒకే గుంపుగా కూర్చోబెట్టి పాఠం చెప్పరు. ఆరు నుంచి ఎనిమిది మంది ఉండే చిన్న చిన్న దళాలుగా విడదీస్తారు. ప్రతి దళానికీ ఆ పిల్లల్లోనే ఒకరు నాయకురాలు. వంట ఎవరు చేయాలి, నీళ్లు ఎవరు మోయాలి, ఎటు నడవాలి, ఇద్దరికి పడకపోతే ఏం చేయాలి, ఇవన్నీ వాళ్లే కూర్చుని తేల్చుకుంటారు. కెప్టెన్ పక్కనే ఉంటుంది గానీ ప్రతిదానికీ తలదూర్చదు. వారం వారం అలాంటి చోట గడిపిన పిల్ల ఇంటికొచ్చేసరికి, ఏ ట్యూషన్‌కు వెళ్లాలో, సెలవుల్లో ఎక్కడికి పోవాలో అన్నీ ముందే నిర్ణయమైపోయి ఉంటే ఎలా ఊరుకుంటుంది?

అలాగని గొంతు పెంచినా, పెద్దవాళ్లను తూలనాడినా సరిపెట్టుకోమని అనడం లేదు. ‘నెమ్మదిగా చెప్పు, వింటాను’ అనండి. కాకపోతే ఆ తర్వాత నిజంగానే వినాలి. ఇంట్లో ఏదో ఒక నిర్ణయాన్ని పూర్తిగా ఆమెకు వదిలిపెట్టండి. తన గది సర్దుకునే తీరు కావచ్చు, ఆదివారం ఎలా గడపాలన్నది కావచ్చు. తప్పు నిర్ణయమైతే దాని ఫలితమూ ఆమే చూసుకుంటుంది. అడిగించుకునే పిల్లకు నిలదీయాల్సిన అవసరం తగ్గుతుంది.

గుడారం సంగతి మీ అత్తగారికి వింతగా ఉంది కాబట్టి దాని గురించే చెబుతాను. నూలు తాళ్లు, జనపనార తాళ్లు తడిస్తే బిగుసుకుపోతాయి. అందుకే పగలు బిగించి కట్టిన గుడారం తాళ్లను రాత్రి పడుకునే ముందు కాస్త వదులు చేయాలి. మరిచిపోతే వానకో మంచుకో తాడు బిగిసి మేకు నేలలోంచి ఊడి రావచ్చు, అర్ధరాత్రి గుడారం లోపలి పిల్లల మీద వాలిపోవచ్చు. ఆ రోజు తాళ్లు చూడాల్సిన వంతు మీ అమ్మాయిదని, మరిచిపోయిందని అనుకోండి. బృందం మంచిదైతే ఎవరూ ఆమె చేత గుంజీలు తీయించరు. చీకట్లో అందరూ లేస్తారు, ఒకరు టార్చిలైటు పట్టుకుంటే ఒకరు మేకు దిగ్గొడతారు, గుడారాన్ని మళ్లీ నిలబెట్టి పడుకుంటారు. మర్నాడు ఎవరూ గుర్తు చేయకుండానే ఆ పిల్ల తాళ్ల దగ్గరకు వెళుతుంది. బాధ్యత గురించి ఇంట్లో మనం ఎన్నిసార్లు చెప్పినా ఇంత గట్టిగా నాటుకోదు. పిల్లలు ఒక పని మరిచిపోతే ఆ పని మనమే చేసిపెట్టేస్తాం, పైగా సాయంత్రం దాకా సాధిస్తాం.

ఆ మేకు దిగ్గొట్టిందీ ఆడపిల్లే అన్నది కూడా గమనించండి. పటం చూసి దారి చెప్పేదీ, బరువైన సంచి మోసేదీ ఆడపిల్లే. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసి పనిచేసే చోట ఎవరూ కావాలని చేయకపోయినా సుత్తి తరచూ అబ్బాయి చేతికి, నోటుపుస్తకం అమ్మాయి చేతికి చేరుతుంది. ఒళ్లు మారుతూ, అద్దంలో ఎలా కనబడుతున్నానో అన్న బెంగ మొదలయ్యే వయసు మీ అమ్మాయిది. అదే ఒంటితో తాను ఏమేం చేయగలదో చూపించే చోటు ఈ వయసులో దొరకడం నా దృష్టిలో చాలా పెద్ద సంగతి.

మీ అత్తగారి ప్రశ్న ఈనాటిది కాదు. 1909లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో మగపిల్లల స్కౌట్ దళాల పెద్ద సమావేశం జరిగింది. పిలుపు లేకపోయినా కొందరు అమ్మాయిలు వచ్చి, మేమూ స్కౌట్లమేనని నిలబడ్డారు. మరుసటి ఏడాది వాళ్ల కోసం గర్ల్ గైడ్స్ మొదలైంది. స్కౌట్ ఉద్యమాన్ని స్థాపించిన బేడెన్ పావెల్ చెల్లెలు ఆగ్నెస్ దాన్ని నడిపించింది. ఆడపిల్లలు మొరటుగా తయారవుతారని అప్పటి పెద్దవాళ్లూ భయపడ్డారు. అయినా అది ఆగలేదు. 1912లో జూలియెట్ గోర్డన్ లో అనే ఆవిడ అమెరికాలో 18 మంది అమ్మాయిలతో దీన్ని ప్రారంభించింది. నేడు సుమారు 150 దేశాల్లో ఆడపిల్లలు ఇదే బాటలో ఉన్నారు. ఈ చరిత్ర చెప్పి అత్తగారితో వాదనకు దిగమనను. మనవరాలి చేత ఆవిడ చేతికి ఒకసారి కట్టు కట్టించండి. కుడి కొసను ఎడమ కొస మీదుగా, తర్వాత ఎడమ కొసను కుడి కొస మీదుగా తిప్పితే ముడి చదునుగా కూర్చుంటుంది, ఒంటికి ఒత్తుకోదు. రెండుసార్లూ ఒకేలా తిప్పితే జారిపోతుంది. ఇదంతా ఆ పిల్ల నోటితో వినాలి, ఆ చేతుల్లో చూడాలి. ఆవిడ మనసు మారకపోవచ్చు. కానీ మనవరాలు రెండేళ్లుగా ఏం నేర్చుకుంటోందో ఆవిడకు తెలుస్తుంది.

ఇక మీ మనసు చివుక్కుమన్న సంగతి. ఏ తల్లికైనా అలాగే ఉంటుంది, అందులో దాచుకోవాల్సిందేమీ లేదు. ఈ వయసు పిల్లలు తల్లికి చెప్పే ముందు లెక్క వేసుకుంటారు: అమ్మ బాధపడుతుందేమో, ఆ అమ్మాయి వాళ్లింటికి ఫోను చేసేస్తుందేమో, నాన్నకు చెబుతుందేమో అని. బయటి మనిషి దగ్గర ఆ లెక్కలు ఉండవు. తల్లిదండ్రులు కాకుండా నమ్మదగిన పెద్దమనిషి మరొకరు ఉన్న పిల్ల, ఎవరూ లేని పిల్ల కంటే భద్రంగా ఉంటుంది. పైగా ప్రాణస్నేహం తెగితే ఆ వయసులో లోకమే కూలినట్టు ఉంటుంది. అలాంటప్పుడు మీ అమ్మాయికి వెళ్లడానికి ఇంకో చోటు ఉంది. అక్కడ తనకంటే చిన్నవాళ్లు ముడి వేయడం చూపించమని అక్కా అక్కా అంటూ చుట్టూ చేరతారు. బడిలో పిల్లలు ఎక్కువగా తమ ఈడు వాళ్లతోనే ఉంటారు. గైడ్స్‌లో తనకంటే చిన్నవాళ్లకూ, పెద్దవాళ్లకూ మధ్య తానూ ఒక మనిషిగా పనికొస్తున్నానని తెలుస్తుంది. మాన్పిస్తే పోయేది బ్యాడ్జీలు, యూనిఫాం కాదు, ఇదీ. స్నేహితురాలు దూరమైన ఈ సమయంలో దాన్నీ లాగేసుకుంటే ఆమెకు ఇంకేం మిగులుతుంది?

కెప్టెన్‌ను మీరు వెళ్లి కలవండి. మా అమ్మాయి ఏం చెప్పిందని ఆరా తీయకండి. పిల్ల ఆమె దగ్గర ఉంచిన నమ్మకం చెడిపోతుంది. శిబిరం గురించి మాత్రం మొహమాటం లేకుండా అన్నీ అడగండి. ఎంతమంది పెద్దలు వస్తున్నారు, వాళ్లలో ఆడవాళ్లు ఎందరు, రాత్రి ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఆసుపత్రి ఎంత దూరం, ప్రథమ చికిత్స తెలిసినవాళ్లు ఎవరు, నెలసరి వస్తే ఏర్పాట్లేమిటి, ఇంటికి కబురు ఎలా అందుతుంది? పెద్దవాళ్లు ఎవరైనా సరే ఏ పిల్లతోనూ ఒంటరిగా ఉండకూడదన్న నియమం పాటిస్తారా? మంచి బృందమైతే ఈ ప్రశ్నలకు నొచ్చుకోదు, సమాధానాలు ముందే సిద్ధంగా ఉంటాయి. జవాబు దాటవేసినా, ‘మమ్మల్ని నమ్మరా’ అని ఎదురు అన్నా, అప్పుడు పంపకండి. ఆ విషయంలో నేను మీవారి పక్షమే.

మార్కుల విషయం ఎక్కువ సాగదీయను. స్నేహితురాలితో మాటలు పోయింది ఎప్పుడు, మార్కులు తగ్గింది ఎప్పుడు, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. అప్పటికీ గైడ్స్ పనులే చదువు సమయాన్ని తింటున్నాయనిపిస్తే, మళ్లీ చదువుకు సమయం ఎలా దొరుకుతుందో ఒక కాగితం మీద రాసి తెమ్మని ఆమెనే అడగండి. ప్రణాళిక వేసుకోవడం అక్కడ నేర్చుకుంటూనే ఉంది.

మీవారితో ఈ మాటలన్నీ మీరే చెప్పాల్సిన పనిలేదు. శిబిరానికి ఎందుకు వెళ్లాలనుకుంటోందో అమ్మాయినే నాన్న ఎదుట కూర్చుని చెప్పమనండి. ఆయన అడ్డు ప్రశ్నలు వేసినా మీరు మధ్యలోకి వెళ్లి సర్దిచెప్పకండి. తలుపు చాటున నిలబడిన పిల్ల తన మాట తానే చెప్పుకోవడం ఆయన ఒకసారి కళ్లారా చూడాలి.

శిబిరం నుంచి వచ్చిన రోజు ప్రశ్నలతో ముంచెత్తకండి. అలసిపోయి ఉంటుంది, ఇల్లు గుర్తొచ్చి ఒక రాత్రి ఏడ్చి కూడా ఉండవచ్చు. అది చెబితే ‘ముందే అన్నాం కదా’ అని ఎవరూ అనకుండా చూడండి. ఒకవేళ ‘ఇక గైడ్స్‌కు వెళ్లను’ అంటే కారణం నిదానంగా కనుక్కోండి. అలసటే అయితే ఒక నెల ఆగి అప్పుడు నిర్ణయించుకోమనండి. ఎవరో అవమానించారనో, భయపెట్టారనో అంటే మాత్రం నెల ఆగకండి. ఆ రోజే కెప్టెన్‌ను, అక్కడ తేలకపోతే ఆమె పైవారిని కలవండి.