74 కిలోల మల్లయోధుడికి మామయ్య ఉత్తరం

చిరంజీవి కిరణ్‌కి,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు రెజ్లింగ్ స్కూల్లో, అదే టీవీలో వచ్చే, ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే కుస్తీ నేర్పే చోట, చేరి ఆరు నెలలైందట, ఆ సంగతి ఆవిడకి నీ రూమ్మేట్ వాట్సాప్ స్టేటస్ చూస్తే తెలిసిందట. "నువ్వే వాణ్ణి చెడగొట్టావు అన్నయ్యా" అని కూడా అంది. గ్రీన్ కార్డు వచ్చినప్పటి నుంచి పన్నెండేళ్ళుగా, శని ఆదివారాలు న్యూజెర్సీ చుట్టుపక్కల చిన్న షోల్లో మొదట రింగు కట్టి, తర్వాత రిఫరీ చొక్కా తొడుక్కున్నవాణ్ణి. ఆ నింద పడాల్సిందే. మానెయ్యమని చెప్పను. కానీ అయిదడుగుల ఏడంగుళాల ఎత్తు, 74 కిలోల బరువుతో ఇందులో దిగేవాడికి స్కూల్లో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

చిన్నప్పుడు మీ అన్నయ్య వేసవి సెలవుల్లో రెజ్లర్ల ట్రంప్ కార్డులు ఆడేవాడు, గుర్తుందా? ఎత్తు, బరువు, ఛాతీ, కండ, ర్యాంకు. కొండంత బరువున్న యోకోజునా కార్డు పడ్డవాడు ఆలోచించకుండా "వెయిట్" అనేవాడు, ఎదుటివాడు ఏడుపు మొహంతో కార్డు ఇచ్చేసేవాడు. ఈ వ్యాపారాన్ని నడిపేవాళ్ళు కూడా చాలాకాలం అదే ఆట ఆడారు. మనవాళ్ళ విషయంలో మరీనూ. ఖలీ, వీర్, సంగా, శాంకీ, అందరూ ఆజానుబాహులే. 2023 సెప్టెంబర్లో ఈ వ్యాపారంలో అతి పెద్ద కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ గచ్చిబౌలిలో షో పెట్టినప్పుడు కూడా మన తరఫున నిలబెట్టింది అలాంటి వాళ్ళనే. నీ కొలతలవాడి కోసం అక్కడ ఎవరూ కుర్చీ వేసి ఉంచలేదు.

"క్రూయిజర్‌వెయిట్ డివిజన్ మళ్ళీ పెడితే నాకు దారి దొరుకుతుంది" అని నీ చెల్లెలితో అన్నావట. క్రూయిజర్‌వెయిట్ అంటే తేలిక బరువు వాళ్ళకి విడిగా పెట్టే విభాగం కదా. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆ మాటే.

2016లో డబ్ల్యూడబ్ల్యూఈ క్రూయిజర్‌వెయిట్ క్లాసిక్ పెట్టినప్పుడు నేనూ నీలాగే సంబరపడ్డాను. ఫ్లోరిడాలో ఫుల్ సెయిల్ యూనివర్సిటీలో 32 మందితో టోర్నమెంటు. 205 పౌండ్లు, అంటే 93 కిలోలు దాటకూడదు. ఇండియా పేరు మీద కెనడాలో పెరిగిన సిహ్రా అన్నదమ్ములు కూడా ఉన్నారు. కోటా ఇబుషి చేతిలో సెడ్రిక్ అలెగ్జాండర్ ఓడిపోయాక, అతన్ని ఉద్యోగంలోకి తీసుకోమని జనం అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఓడినవాడి కోసం జనం అలా అరిచారంటే చూసుకో.

ఆ నవంబర్లోనే 205 లైవ్ అని విడిగా ఒక షో మొదలుపెట్టారు. నేనొకసారి టికెట్టు కొని వాళ్ళ వారం వారం టీవీ షో స్మాక్‌డౌన్‌కి వెళ్ళి, అది అయ్యాక దానికీ కూర్చున్నాను. అప్పటికే జనం రెండు గంటలు అరిచి గొంతు పోగొట్టుకున్నారు. పిల్లలకి మర్నాడు స్కూలు. నా ముందు వరసలో కుటుంబం మొత్తం లేచి కోట్లు వేసుకుంటుంటే, రింగులో ఇద్దరు కుర్రాళ్ళు ప్రాణం పెట్టి ఆడుతున్నారు. పాప్‌కార్న్ ఊడ్చేవాడు మాత్రం కాసేపు ఆగి చూశాడు.

ఇక ఊదా తాళ్ళ సంగతి. వాళ్ళ ఇంకో వారపు షో 'రా'లో ఈ తేలిక బరువు వాళ్ళ మ్యాచ్ వచ్చేసరికి రింగు తాళ్ళు ఊదా రంగులోకి మార్చేవాళ్ళు. తాళ్ళు కట్టిన చేతులు కాబట్టి నాకు ఒళ్ళు మండేది. పెళ్ళిలో కొందరికి విడిగా పంక్తి వేస్తే, వడ్డించేది అదే పప్పు అయినా చూసేవాళ్ళకి తేడా తెలిసిపోతుంది కదా? అచ్చం అలాగే. ఏడాదికొకసారి వచ్చే అతి పెద్ద షో రెసిల్‌మేనియా. 2017, 2018లో ఆ డివిజన్ చాంపియన్ బెల్టు మ్యాచ్‌ని అసలు షోలో కాదు, దానికి ముందు నడిచే కిక్‌ఆఫ్‌లో పెట్టారు. బడ్డీ మర్ఫీ బరువు తగ్గి మరీ ఆ డివిజన్‌లోకి వచ్చి, 2018లో సొంత ఊరు మెల్‌బోర్న్‌లో చాంపియన్ అయ్యాడు. అదే ఏడాది చివర అదే డివిజన్‌లో ఆడిన ముస్తఫా అలీని స్మాక్‌డౌన్‌కి తీసుకున్నారు. అతను అంతకుముందు షికాగో దగ్గర పోలీసు. పైకి రావాలంటే ముందు ఆ డివిజన్‌లోంచి బయటికి రావాలన్నమాట. 2022 జనవరిలో ఆ బెల్టుని ఇంకో బెల్టులో కలిపేశారు, ఫిబ్రవరిలో 205 లైవ్ షో మూసేశారు. అంతకుముందు 2007లోనూ అంతే. పాత క్రూయిజర్‌వెయిట్ బెల్టుని నవ్వించడానికి పెట్టిన పాత్ర హార్న్‌స్వాగిల్‌కి ఇచ్చి, రెండు నెలల్లో చుట్టేశారు.

కాబట్టి డివిజన్ కోసం ఎదురుచూడకు. ఎప్పుడైనా వస్తే చేరు, కాదనను. కానీ నువ్వు "తేలిక బరువు వాడివి" అని జనానికి నీ నోటితో నువ్వే చెప్పకు. ముందు ఒక చిన్న పని చెయ్యి. రింగ్ అనౌన్సర్ నీ పేరు పిలిచేటప్పుడు బరువు చదవొద్దని అడుగు. ఊరి పేరు చాలు. 163 పౌండ్లు అని వినపడగానే వెనక వరసలో ఎవడో ఒకడు నవ్వుతాడు, ఆ నవ్వు చెరిపెయ్యడానికే నీకు అయిదు నిమిషాలు పడుతుంది. ఇంకో కంపెనీ టీఎన్ఏవాళ్ళు 2002లో ఎక్స్ డివిజన్ పెట్టినప్పుడు బరువు పరిమితి పెట్టలేదు. ఏజే స్టైల్స్ అక్కణ్ణుంచే వెలుగులోకి వచ్చాడు.

నీలాగే పెద్ద ఎత్తు లేని ఎడ్డీ గెర్రెరోని చూడు. 1997 హాలోవీన్ హావోక్ షోలో ముసుగు రెజ్లర్ రే మిస్టీరియోతో అతను ఆడిన మ్యాచ్ పదిసార్లు చూడు. మొదటి అయిదుసార్లు గంతులు చూస్తావు. ఆరోసారి నుంచి ఎడ్డీ ఆ ముసుగుని ఎలా చింపుతున్నాడో, రే దాన్ని ఎలా కాపాడుకుంటున్నాడో కనిపిస్తుంది. ఎడ్డీ ఓడితే బెల్టు పోతుంది, రే ఓడితే ముసుగు తీసెయ్యాలి, అదీ పందెం. 2004లో అదే ఎడ్డీ కొండలాంటి బ్రాక్ లెస్నర్ని ఓడించి పెద్ద బెల్టు గెలిచాడు. జనం నమ్మింది అతని కండల్ని కాదు, అతని దొంగ బుద్ధిని. ఈసారి ఏ దొంగతనం చేస్తాడా అని కాచుకుని కూర్చునేవాళ్ళు.

పెద్దవాళ్ళతో మ్యాచ్‌లు అడిగి మరీ తీసుకో. నీ సైజు వాడితో ఆడితే ఇద్దరూ మామూలుగానే కనిపిస్తారు. 120 కిలోలవాడు నిన్ను మూలకి విసిరితే నువ్వేమిటో రెండు సెకన్లలో తెలుస్తుంది. అయితే ఊరికే నలిగిపోవడం వేరు. 2006లో రే రెసిల్‌మేనియాలో వరల్డ్ చాంపియన్ అయ్యాడు, ఆ మ్యాచ్‌కి పది నిమిషాలు కూడా ఇవ్వలేదు. తర్వాత నెలలోనే మన ఖలీ చేతిలో అతన్ని చితక్కొట్టించారు. మనం ఇక్కడ ఈలలు వేశాం, నేనూ వేశాను. చాంపియన్ని అలా తేలిక చేశారని అప్పుడు తట్టలేదు. ఓడిపో, కానీ ఓడే ముందు ఆ పెద్దవాడి మోకాలో చెయ్యో ఒకటి పనికిరాకుండా చెయ్యి, వాడు కుంటుతూ వెళ్ళాలి. మ్యాచ్‌కి ముందే వాడితో ఆ మాట మాట్లాడుకో. మంచివాడైతే ఒప్పుకుంటాడు.

ఎగిరే పని షోకి ఒక్కసారే. కింద పట్టుకునేవాడు ఎవడో తెలియకుండా టాప్ రోప్ ఎక్కకు. ఒక శనివారం స్కూలు జిమ్‌లో, నా కళ్ళ ముందే నీ ఈడు కుర్రాడు మూన్‌సాల్ట్, అంటే తాడు మీంచి వెనక్కి పల్టీ, వేసి తలకిందులుగా పడ్డాడు. దగ్గరికెళ్ళి చెయ్యి నొక్కాను. బాగుంటే తిరిగి నొక్కాలి, అది మా లెక్క. నొక్కలేదు. రెండు చేతులూ ఎక్స్ ఆకారంలో ఎత్తాను, నిజంగానే దెబ్బ తగిలిందని సైగ. మూడు నిమిషాల తర్వాత వేళ్ళు కదిపాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు. జపాన్ రెజ్లర్ హయబుసాకి ఆ అదృష్టం లేకపోయింది. 2001లో తాడు మీద కాలు జారి మెడ విరిగింది, మళ్ళీ రింగులో ఆడలేదు. టైగర్ మాస్క్‌తో కలిసి చిన్న ఒళ్ళు వాళ్ళ ఆటకి జపాన్‌లో దారి వేసిన డైనమైట్ కిడ్ చివరికి చక్రాల కుర్చీలో గడిపాడు. మెడ కసరత్తు రోజూ చెయ్యి. బరువు పెంచే మందులు ఎవరైనా ఇస్తే ముట్టుకోవద్దు, దాని మీద చర్చ లేదు.

ఇంకో సంగతి. ఎవడో ఒకడు నీకు తలపాగా చుట్టి, బుట్టలో పాము పెట్టి, బాలీవుడ్ పాటకి రమ్మంటాడు. డబ్బులొస్తాయనీ అంటాడు. రెండుసార్లు కాదను, మూడోసారి నీ ఇష్టం. నీ యాసలో నువ్వు మాట్లాడు. కోపం వచ్చినప్పుడు తెలుగులో రెండు ముక్కలు పడినా పర్వాలేదు, అర్థం కాకపోయినా కోపం తెలుస్తుంది.

నీ హెచ్‌వన్ వీసా సంగతి మర్చిపోకు. ట్రైనింగ్‌కి డబ్బు కట్టడం వేరు, షో ఆడి యాభై డాలర్లు పుచ్చుకోవడం వేరు. ఊరికే ఆడినా చిక్కు రావచ్చు, లాయర్ని అడిగాకే ఏదైనా. ఇన్సూరెన్స్ కాగితాలు కూడా ఒకసారి చదువుకో.

నువ్వు ఎగిరిన వీడియోలు నాకొద్దు. ఓడిపోయిన మ్యాచ్ ఒకటి మొత్తం పంపు, కోతలు లేకుండా. ఆదివారం మీ అమ్మకి ఫోన్ చెయ్యి. మెడ బాగానే ఉందని ముందు చెప్పు, మిగతాది తర్వాత.

మీ మామయ్య