ఆకుపచ్చ వైరు

చిరంజీవి బుజ్జికి,

మావయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఇది సెలవుల్లో వీడియో గేమ్ పెట్టె చేస్తుందట, నువ్వైనా చెప్పు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. రాజమండ్రిలో పదేళ్ళ పైన ఆ పెట్టెలు బాగుచేసే బతికాను. ఇంట్లో ఎవరూ ఆ పని గురించి ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. నువ్వు మాత్రం తొమ్మిదేళ్ళప్పుడు నా బల్ల దగ్గర కూర్చుని మరలన్నీ సైజుల వారీగా డబ్బాల్లో వేసేదానివి. ఆ పిల్ల ఇప్పుడు సొంతంగా పెట్టె కడుతుందంటే సంతోషంతో కాసేపు నిద్ర పట్టలేదు. తర్వాత బటన్లు బిగించే ప్యానెల్‌కి అల్యూమినియం రేకు కొన్నావన్న మాట గుర్తొచ్చింది. ఇక అసలు నిద్రే పట్టలేదు.

మొదట చిన్న విషయాలు. ముందు అట్టముక్కలతో పెట్టె మొత్తం చేసి టేబుల్ మీద పెట్టు. దాని ముందు అరగంట కూర్చుని చేతులు ఆనించి చూడు. మణికట్టు నొప్పి పుడితే ప్యానెల్ వాలు మార్చు. అట్ట మార్చడానికి ఖర్చు లేదు. ఇద్దరు ఆడేలా చేస్తానన్నావట, వద్దు. 17 అంగుళాల పాత మానిటర్ తెర వెడల్పు 34 సెంటీమీటర్లే. దాని కింద రెండు జాయ్‌స్టిక్‌లు, రెండు వరసల బటన్లు పెడితే మోచేతులు గుద్దుకుంటాయి. మొదటిది ఒక్కరు ఆడేదే చెయ్యి.

చెక్క విషయంలో కొంచెం కోప్పడాలి. గ్రైండర్‌కి రంపం బ్లేడు బిగించి నువ్వే కోస్తావా? ఆ బ్లేడు చెక్కలో ఇరుక్కుంటే మెషీన్ మొత్తం చేతి మీదికి ఎగురుతుంది. నాకు తెలిసిన మంచి పనివాడి వేళ్ళు రెండు అలాగే పోయాయి. కొలతలు కాగితం మీద గీసుకుని వడ్రంగి దగ్గరికి వెళ్ళు, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పావుగంటలో కోసిస్తాడు. ఎమ్‌డీఎఫ్, అంటే చెక్క పీచు అదిమి చేసిన పలక అయితే నునుపుగా వస్తుంది కానీ తడి తగిలితే ఉబ్బుతుంది, అంచులో నేరుగా మర దింపితే చీలుతుంది. ముందు సన్నని బెజ్జం వేశాకే మర బిగించాలి. దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్క్ లేకుండా రుద్దకు. ఆడే బటన్లకు 30 మిల్లీమీటర్లు, స్టార్ట్ బటన్‌కి 24 మిల్లీమీటర్ల రంధ్రాలు అని నీకు తెలిసే ఉంటుంది, అయినా కొన్న బటన్‌ని ఒకసారి కొలిచి చూసుకో. బటన్ కింద ఉండే మైక్రోస్విచ్‌కి మూడు కాళ్ళుంటే కామన్, ఎన్‌వో (నొక్కినప్పుడే కలిసేది) వాటికే వైర్లు తగిలించు. ఎన్‌సీకి (నొక్కనప్పుడు కలిసి ఉండేది) పెడితే బటన్ ఎప్పుడూ నొక్కినట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు సంగతి. "ఐదు వోల్టులేగా అమ్మా, షాక్ ఏం కొడుతుంది" అన్నావట. రాస్ప్‌బెర్రీ పై, అంటే ఆటలు నడిపే ఆ చిన్న కంప్యూటర్ వరకు నిజమే. కానీ ఆ పెట్టెలో మానిటర్ ఉంటుంది, ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉంటుంది, వాటికి వచ్చేది 230 వోల్టులు. అవన్నీ నువ్వు పెట్టబోయే రేకు వెనకాలే ఉంటాయి.

1995లో నేనూ ఒక చిన్న పెట్టె కట్టాను తల్లీ. అప్పుడు పిల్లలందరికీ ముస్తఫా గేమ్ పిచ్చి. అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, 1993లో కాప్‌కామ్ వాళ్ళది. ఆ పేరు ఎవరికీ తెలియదు, అందులో ఒక ఆటగాడి పేరుతో ముస్తఫా అనేవాళ్ళం. షాపులో ఉన్న ఒక్క మెషీన్ దగ్గర రూపాయి బిళ్ళలు పట్టుకుని క్యూ కట్టేవాళ్ళు. చిన్నపిల్లలకు ఆ మెషీన్ అందేది కాదు. వాళ్ళ కోసం 14 అంగుళాల పిక్చర్ ట్యూబ్‌తో బల్ల మీద పెట్టే పెట్టె చేశాను. పిల్లల గుద్దులకు చెక్క ప్యానెల్ నిలవదని స్టీలు రేకు వేశాను.

షాపు పాత ఇంట్లో ఉండేది. గోడకు రెండు పిన్నుల సాకెట్లే. నేను తెచ్చిన కేబుల్‌కి మూడు వైర్లు. మూడోది, ఆకుపచ్చది, ఎర్త్ వైరు, కట్టింగ్ ప్లయర్‌తో కత్తిరించి టేపు చుట్టేశాను. తెలియక కాదు. ఎర్త్ ఎందుకో నాకు బాగా తెలుసు. ఆదివారానికి పెట్టె సిద్ధం కావాలన్న తొందర. ఇంకో తప్పు కూడా చేశాను. కరెంటు వైరుని రేకులో తొలిచిన రంధ్రం గుండా అలాగే లాగాను, అంచుకి వైరు కోసుకోకుండా వేసే రబ్బరు బుష్ వెయ్యలేదు.

రెండు నెలలు బాగా నడిచింది. పిల్లలు గుద్దిన ప్రతిసారీ ఆ వైరు రేకు అంచుకి రాసుకుంటూనే ఉంది. ఆగస్టులో ముసురు పట్టిన రోజు, నేలంతా తడి. పదేళ్ళ పిల్లాడు చెప్పుల్లేకుండా వచ్చి, ఒక చెయ్యి రేకు మీద ఆనించి ఆడుతున్నాడు. అరవలేదు. ఉన్నట్టుండి బిగుసుకుపోయాడు. ఆటలో లీనమయ్యాడనుకుని నేను ఒక క్షణం చూస్తూ ఊరుకున్నాను. ఆ క్షణం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. లాగబోతే పక్క టీ కొట్టతను "ముట్టుకోకు!" అని అరిచాడు. పరిగెత్తి మెయిన్ దింపాను. పిల్లాడు కిందపడ్డాడు.

బతికాడు. డాక్టరు సాయంత్రం దాకా ఉంచుకుని పంపించారు. అరచేతిలో చిన్న కాలిన మచ్చ మిగిలింది. వాళ్ళమ్మ ఇడ్లీ బండి వదిలేసి పరిగెత్తుకొచ్చింది. తిడుతుందని తల వంచుకుని నిలబడ్డాను. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఇప్పుడు అన్నం పెట్టొచ్చా బాబూ?" అని అడిగింది, అంతే. నేను కత్తిరించిన వైరు గురించి ఆవిడకు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ ఆకుపచ్చ వైరు ఉండి, గోడలో ఎర్త్ ఉండి ఉంటే, వైరు రేకుని తాకిన క్షణమే ఫ్యూజు ఎగిరిపోయేది. పిల్లాడి చేతి దాకా వచ్చేదే కాదు. మరుసటి రోజు షాపు వెనక నేనే గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు పొరలుగా వేసి, జీఐ పైపు దింపాను. తర్వాతి ఎండాకాలమంతా దాని మీద రోజూ బకెట్ నీళ్ళు పోశాను. మూడు పిన్నుల ప్లగ్గులో పైది లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? సాకెట్‌లో మిగతా రెండింటికన్నా ముందు ఎర్తే తగలాలని.

అందుకే చెబుతున్నా. ఆ మానిటర్‌ని ప్లాస్టిక్ డొక్క విప్పి బిగించాలనుకోకు. కరెంటు వైరు నేరుగా దాంట్లోకే వెళుతుంటే, లోపలి పవర్ బోర్డు కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైనే ఉంటుంది, ప్లగ్ పీకినా కాసేపు అలాగే నిలుస్తుంది. బయట అడాప్టర్ ఉండే మానిటర్ సెకండ్ హ్యాండ్‌లో చూడు. కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే అడాప్టర్, మూడు పిన్నుల కేబుల్, రబ్బరు బుష్‌లు అన్నీ దొరుకుతాయి. పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత టీవీ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తెచ్చుకోకు. దాని జోలికి వెళితే నేను నీతో మాట్లాడను.

అల్యూమినియం రేకు నీకు అంత ఇష్టమైతే వెయ్యి, కాదనను. వెనక పెయింటు గీకి, మరతో ఎర్త్ వైరు గట్టిగా బిగించు. మీది అద్దె ఇల్లు. సాకెట్‌లో మూడు రంధ్రాలున్నాయని ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించు, డబ్బు నేను పంపిస్తాను. మీ తమ్ముడు తడి చేతులతోనే ఆడతాడు, నువ్వు ఎన్నిసార్లు చెప్పినా.

మిగతావి నువ్వే చూసుకోగలవు. వెనక కింద, పైన గాలి రంధ్రాలు పెట్టు. ఆఫ్ చేసేటప్పుడు మెనూలోంచి షట్‌డౌన్ చేశాకే స్విచ్ తియ్యి, లేకపోతే మెమరీ కార్డు పాడవుతుంది.

ఆదివారం మీ అమ్మ వచ్చినప్పుడు నా మల్టీమీటర్ ఇచ్చి పంపిస్తాను. బ్యాటరీ కొత్తది వేశాను. పెట్టె పూర్తయ్యాక, ప్లగ్ సాకెట్‌లో పెట్టకముందే, మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, దాని ఒక కొస ప్లగ్గు పెద్ద పిన్నుకి, ఇంకో కొస రేకుకి ఆనించు. బీప్ అని వినపడాలి. వినపడగానే నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రైనా సరే. మేలుకునే ఉంటాను.

మీ మావయ్య